నీలం తిరిగిన ములికి

రూబెన్ కల్లియో పొద్దున్నే లేచి, పొయ్యిలో కట్టెలు వేసి, కాఫీ పెట్టి, వంటింటి కిటికీ అద్దానికి పట్టిన ఆవిరిని మోచేత్తో తుడిచేవాడు. అవతల కట్టెల దిబ్బకీ పాత పికప్పు బండికీ మధ్య జింక నిలబడి ఉండేది.

"ఉన్నావా?" అనేవాడు.

జింక ఒక చెవి ఇటు తిప్పేది. ఆ రోజుకి అతని మాటల్లో సగం అక్కడితో అయిపోయినట్టే.

అరవై ఎనిమిదేళ్ళ మనిషి. పెళ్ళి చేసుకోలేదు. తల్లి పోయేదాకా తల్లితో ఉన్నాడు, ఆ తర్వాత ఆమె ఇంట్లోనే ఉండిపోయాడు. ముప్పై నాలుగేళ్ళు కోత మిల్లులో రంపాల పళ్ళకు పదును పెట్టాడు. మిల్లు మూతపడ్డాక ఇంటి వెనక షెడ్డులో బాణాల ములుకులకు పదును పెట్టడం మొదలుపెట్టాడు. అమెరికాలో సుపీరియర్ సరస్సుకి దక్షిణాన ఉన్న ఆ జిల్లాలో విల్లు పట్టని ఇల్లు తక్కువ. అక్టోబరు ఒకటిన విల్లు వేట మొదలవుతుంది కాబట్టి ఆగస్టు నుంచే ములుకులు వచ్చేవి. మందుల డబ్బాల్లో, పొగాకు డబ్బాల్లో, సాక్సుల్లో చుట్టి. తెచ్చినవాళ్ళు తలుపు దగ్గరే నిలబడి, వాతావరణం గురించి రెండు మాటలు చెప్పి వెళ్ళిపోయేవాళ్ళు. ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు.

అక్కడ బాణం తగిలి కూడా దొరకకుండా పోయిన జింక, ఎవరి మూలంగా దొరకలేదో వాళ్ళ వాకిట్లోకి వచ్చి నిలబడుతుంది. మేయదు, పడుకోదు, మంచు దాని వీపు మీద ఆగదు. సాధారణంగా ఒక్క చలికాలం ఉంటుంది, మంచు కరిగే రోజుల్లో వెళ్ళిపోతుంది. ఒక ఏడాది పాస్టరు గారి పెరట్లో రెండు నిలబడ్డాయి. ఆ చలికాలమంతా ఆయన ప్రసంగాలు పొట్టిగా ఉన్నాయని ఊళ్ళో చెప్పుకున్నారు గాని జింకల ఊసు ఎవరూ ఎత్తలేదు. టపా బండి నడిపే డార్లా వాటి చుట్టూ తిప్పి పోనిచ్చేది, అంతే.

రూబెన్ వాకిట్లో జింక మాత్రం పదకొండేళ్ళుగా ఉంది. ఎనిమిది కొనల కొమ్ములున్న మగజింక. ఎడమ భుజంలోంచి విరిగిన బాణం మొదలు వేలెడంత బయటికి కనబడుతుంది.

ఆ బాణం వేసింది అతను కాదు, తమ్ముడు ఎల్మర్. ములికి మాత్రం రూబెన్ చేతిది.

అన్నదమ్ములిద్దరికీ ఆరేళ్ళ తేడా. అదే రోడ్డు మీద నాలుగు మైళ్ళ దూరంలో ఎల్మర్ ఇల్లు. వేటకి కలిసి వెళ్ళేవాళ్ళు, శనివారం సాయంత్రం రూబెన్ ఇంటి సౌనాలో, ఆవిరి స్నానాల గదిలో, కలిసి కూర్చునేవాళ్ళు. మాట్లాడుకోవడం తక్కువే. మాట్లాడక్కర్లేని మనిషి పక్కన ఉంటే ఎంత హాయో అప్పట్లో ఇద్దరికీ తెలీదు.

పదకొండేళ్ళ కిందట అక్టోబరు రెండో తారీఖున ఎల్మర్ బాణం జింక భుజాన తగిలింది. పలక ఎముక దగ్గర ములికి మొన వంకర తిరిగిపోయి, బాణం రెండు వేళ్ళ మేర దిగి ఆగిపోయింది. అన్నదమ్ములు రెండు రోజులు దేవదారు చిత్తడిలో మోకాళ్ళ మీద పాకుతూ నెత్తుటి చుక్కలు వెతికారు. మూడో రోజు పొద్దున జింక రూబెన్ వాకిట్లో ఉంది.

ఎల్మర్ బండి ఆపి దాన్ని చూశాడు, తర్వాత అన్నని చూశాడు.

"నువ్వు మరీ ముందుకి కొట్టావురా" అన్నాడు రూబెన్. "ఎముక మీద కొడితే ఏ ములికైనా ఆగుతుంది."

"అయితే వీడు నీ వాకిట్లో ఎందుకున్నాడు?"

"జంతువు. దానికేం తెలుసు."

ఎల్మర్ చాలాసేపు నిలబడ్డాడు. అన్న ఇంకో మాట ఏదైనా అంటాడేమోనని చూసినట్టున్నాడు. ఆ తర్వాత బండెక్కి, "నా బాణాలు ఇంక ముట్టుకోకు" అని వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి చావుల దగ్గరా, కిరాణా కొట్టు దగ్గరా తల ఊపుకోవడమే తప్ప మాటల్లేవు.

రూబెన్ చెప్పని మాట ఒకటుంది. వేట మొదలయ్యే ముందు రోజు సాయంత్రం, తొందరలో, ఆ ములికిని తిరిగే సానరాయి మీద ఒక్క క్షణం ఎక్కువసేపు ఆనించాడు. మొన దగ్గర ఉక్కు నీలం తిరిగింది. నీలం తిరిగిందంటే లోపలి గట్టిదనం చచ్చిపోయినట్టే. రంపాల మనిషి, ఆ సంగతి తెలియకపోలేదు. ఆకురాయితో నాలుగు గీతలు గీసి ఆ రంగు చెరిపేసి, మిగతా అయిదింటితో పాటు దాన్నీ డబ్బాలో పడేశాడు.

ఆ చలికాలం నుంచి అతను ములుకుల మీద పడ్డాడు. సూదిలా ఉన్న మొనలు ఎముకకి తగిలితే వంగుతున్నాయని చూసి, మొనని కొంచెం కొరిగి ఉలి అంచులా మొద్దుగా చేశాడు. రెండు వైపులా వాలుగా ఉండే అంచుని మార్చి ఒక్క వైపే వాలు పెట్టాడు. అలా చేస్తే ములికి దిగుతూ దిగుతూ మెలి తిరిగి ఎముకని చీలుస్తుంది. ములికీ పుల్లా కలిసే చోట గోరుకి తగిలే మెట్టు లేకుండా నున్నగా అరగదీశాడు. బరువంతా ముందుకి వచ్చేలా పుల్ల లోపల ఇత్తడి ముక్క బిగించాడు. కసాయి కొట్టు నుంచి ఆవు భుజం ఎముకలు తెచ్చి, తడి ఇసుక మూట ముందు కట్టి, కొట్టి చూసేవాడు. చీలిన ఎముకల్ని షెడ్డు గోడకి వరసగా మేకులు కొట్టి తగిలించాడు. అంచుకి నల్ల రంగు పూసి, ఆకురాయి ఎక్కడ తాకుతోందో ఎక్కడ తాకడం లేదో ఆ నలుపు చెప్తుంటే, దాని మాట వింటూ గంటలు గడిపేవాడు. చివర్లో తోలుపట్టీ మీద రుద్ది, ముంజేతి వెంట్రుకల మీద పెట్టి చూసుకునేవాడు. ఆగస్టు నుంచి నవంబరు దాకా అతని ఎడమ ముంజెయ్యి చిన్న పిల్లాడి చెయ్యిలా నున్నగా ఉండేది.

అతని ములుకులు ఎముకలోంచి దూరి అవతలికి రావడం మొదలయ్యాక, ఏడాదికేడాది వాకిళ్ళు ఖాళీ అయ్యాయి. హెండ్రిక్సన్ వాళ్ళ ఇంట్లో లేదు, స్కూలు వెనక లేదు. మూడేళ్ళుగా జిల్లా మొత్తంలో నిలబడ్డ జింక ఒక్క రూబెన్ వాకిట్లోనే ఉంది. ఎవరూ ఏమీ అనలేదు. టపా పెట్టెలో ఉత్తరాలు పడేస్తూ డార్లా మాత్రం ఒకసారి, "నీవాడికి కొమ్మునిండా సాలెగూడు పట్టింది, చూశావా?" అంది. రూబెన్ చీపురు తెచ్చి నెమ్మదిగా దులిపాడు. అది తల వంచి దులపనిచ్చింది.

ఆగస్టు ఆఖర్లో ఒక మధ్యాహ్నం ఎల్మర్ భార్య ఐలీ వచ్చింది. ఆమె వెళ్ళిపోయేదానిలా తలుపు దగ్గర నిలబడలేదు. లోపలికొచ్చి, స్టూలు మీద ఉన్న ఎముకలు తీసి కింద పెట్టి కూర్చుంది. ఏలకుల రొట్టె ఒకటి బల్ల మీద పెట్టింది, పక్కన ఒక కాఫీ డబ్బా.

"ఎల్మర్‌కి వసంతంలో పక్షవాతం తగిలింది, విన్నావా?"

"డార్లా చెప్పింది."

"నడుస్తున్నాడు. కుడి చెయ్యే మాట వినదు. ఇదివరకు అరవై అయిదు పౌన్ల విల్లు లాగేవాడా, ఇప్పుడు నలభై లాగితే గొప్ప. డాక్టరు మీట నొక్కే క్రాస్‌బౌ పట్టుకోమన్నాడు. అది తుపాకీకి చుట్టం, ముట్టుకోనంటాడు."

"మరి?"

"నలభై పౌన్లకి జింకలో బాణం దిగుతుందా అని అడుగుతున్నాను. నిన్ను కాకపోతే ఎవర్ని అడగను?"

రూబెన్ డబ్బా మూత తీశాడు. ఆరు ములుకులు. వెడల్పువి, కొట్లో కొన్నవి.

"వాడు పంపాడా?"

ఐలీ కిటికీలోంచి జింకని చూసింది. "పంపలేదు. డబ్బా బల్ల మీద పెట్టి, నేను చూసేలా పెట్టి, పడుకోడానికి వెళ్ళాడు. నలభై ఏళ్ళ కాపురం, ఆ మాత్రం తెలీదా నాకు."

"దిగుతుంది" అన్నాడు రూబెన్. "వెడల్పు తగ్గించాలి. నాకు పది రోజులు కావాలి."

"నువ్వు చిక్కిపోయావు రూబెన్" అని ఆమె లేచింది. తలుపు దగ్గర ఆగి, "రొట్టె ఆరిపోకముందే తిను" అంది.

బలం తక్కువ విల్లుకి వెడల్పు ములికి శత్రువు. ఎంత వెడల్పుగా కోస్తే అంత బలం కోతకే పోతుంది, లోపలికి దిగడానికి ఏమీ మిగలదు. అందుకని ఆరింటినీ పక్కల నుంచి సన్నం చెయ్యాలి. అంత ఉక్కు ఆకురాయితో తియ్యాలంటే నెల పడుతుంది. సానరాయి మీద పెట్టక తప్పదు. పదకొండేళ్ళలో అతను దాని స్విచ్చి వెయ్యలేదు. దుమ్ము దులిపి, పక్కన నీళ్ళ గిన్నె పెట్టుకుని, ఒక్కసారి తాకించి ఒక్కసారి ముంచుతూ, ఒకటి తర్వాత ఒకటి చేశాడు. రోజుకి ఒకటే.

ఆరో రోజు ఆరోది. తాకిస్తున్నాడు, ముంచుతున్నాడు. కిటికీ అవతల ఏదో కదిలినట్టయింది. తలెత్తాడు. జింక కిటికీ దగ్గరికి వచ్చి నిలబడి ఉంది. పదకొండేళ్ళలో అది ఉన్న చోటి నుంచి ఒక్క అడుగు కూడా వెయ్యలేదు. ఇప్పుడు దాని ఊపిరి అద్దం మీద పడుతోంది. అతను అలా చూస్తూ ఉండిపోయింది ఎంతసేపో కాదు, ఒక్క రెప్పపాటు. కిందికి చూస్తే మొన దగ్గర గోరంత నీలం.

సానరాయి ఆపేశాడు. షెడ్డులో చప్పుడు పోయింది.

ఆకురాయి చేతికందే దూరంలోనే ఉంది. నాలుగు గీతలు గీస్తే చాలు. ఎవరికీ తెలీదు. రూబెన్ ఆకురాయిని చేతిలోకి తీసుకుని చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత దాన్ని సొరుగులో పెట్టి మూసేశాడు.

ఐలీ మళ్ళీ వచ్చిన రోజున అయిదు ములుకులు తోలు ముక్కలో చుట్టి ఇచ్చాడు. ఆరోది విడిగా, కాగితంలో.

"ఈ అయిదూ వాడుకోమను. మొన దగ్గర చెయ్యి పెట్టద్దని చెప్పు, తెగినట్టు కూడా తెలీదు. ఇదొకటి కాల్చేశాను. నీలం తిరిగింది. దీన్ని వాడకూడదు."

"కాలిపోతే పారెయ్యి. నాకెందుకిస్తున్నావు?"

"వాడికి చూపించు." రూబెన్ నేల చూస్తూ అన్నాడు. "అప్పటిది కూడా ఇలాగే కాలింది. రంగు చెరిపేసి ఇచ్చాను. వాడు ముందుకి కొట్టాడని అన్నాను. ఆ మాట వాడికి చెప్పు."

ఐలీ కాగితం మడత మళ్ళీ ఒకసారి సరిగ్గా మడిచి కోటు జేబులో పెట్టుకుంది.

సెప్టెంబరు గడిచింది. ఫోను మోగలేదు. జింక మళ్ళీ తన చోటికి వెళ్ళి నిలబడింది. చెప్పేస్తే అది వెళ్ళిపోతుందేమోనని రూబెన్ అనుకున్నాడు. వెళ్ళలేదు. పొద్దున్నే అద్దం తుడిచి, అది కనబడగానే తన గుండె కుదుటపడటం చూసి తనే సిగ్గుపడ్డాడు. సౌనాకి ఒక్కడి కోసం నిప్పు వెయ్యడం ఎందుకని రెండు శనివారాలు మానేశాడు. కొట్లో అమ్మాయి చిల్లర ఇస్తూ "ఇంకేమైనా కావాలా?" అంటే, ఇంకేమైనా అంటే ఏమిటో అతనికి తోచలేదు.

అక్టోబరు తొమ్మిదిన సాయంత్రం నాలుగున్నరకి ఫోను మోగింది.

"పడింది" అన్నాడు ఎల్మర్. గొంతు కొంచెం మొద్దుబారింది, అయినా ఎల్మరే.

"ఎంత దూరం పోయింది?"

"నలభై అడుగులు. నేను లాగలేను. తాడు తీసుకురా."

రూబెన్ వెళ్ళేసరికి ఎల్మర్ ఒక పడిపోయిన చెట్టు మీద కూర్చుని ఉన్నాడు. కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, అది ఎవరిదో అన్నట్టు ఎడమ చేత్తో పట్టుకున్నాడు. ఆడజింక ఫెర్ను మొక్కల్లో పడి ఉంది. దానికి వెనక, దెబ్బ తగిలినప్పుడు అది నిలబడ్డ చోటికి అవతల, బాణం నేలలో గుచ్చుకుని నిటారుగా ఉంది. రూబెన్ దాన్ని లాగి, నాచుతో తుడిచి, వెలుతురుకి పట్టి చూశాడు. అంచు ఎక్కడా చెదరలేదు.

"ఎక్కడ తగిలింది?"

"ముందుకే. చెయ్యి వణికింది. పలక ఎముకలోంచి వెళ్ళింది" అన్నాడు ఎల్మర్. "చప్పుడు విన్నాను. ఎముక విరిగినట్టు కాదు, తలుపు గొళ్ళెం తీసినట్టు. అది నెమ్మదిగా నడిచి వెళ్ళి, నా వైపు చూసి, ఏమీ తగలనట్టే కొంచెం మేసింది. తర్వాత పడిపోయింది."

తాడు కట్టారు. ఎల్మర్ ఎడమ చేత్తో, రూబెన్ రెండు చేతులతో. పది గజాలకోసారి ఆగారు. మూడోసారి ఆగినప్పుడు ఎల్మర్ ఊపిరి కోసం చెట్టుకి ఆనుకుని అన్నాడు.

"ఐలీ చెప్పింది."

"ఊఁ."

"నాకు తెలుసు."

"ఏది?"

"అప్పటిది. ములికి మొన వెనక, నీ ఆకురాయి అందని మూలలో, నీలం మిగిలిపోయింది. డబ్బా తెరిచినప్పుడే చూశాను. నాన్న నాకు మాత్రం నేర్పలేదా ఏం." ఎల్మర్ జింకని చూస్తున్నాడు, అన్నని కాదు. "నా దగ్గర ఇంకో అయిదున్నాయి. కాని ఆ బాణం అన్నిటికంటే సూటిగా పోయేది. అంత జింక మళ్ళీ కనబడదనిపించింది. దాన్నే ఎక్కించాను."

పైన ఎక్కడో కాకి అరిచి ఊరుకుంది.

"మరి అది నా ఇంటికెందుకొచ్చిందిరా?" అన్నాడు రూబెన్.

"పదకొండేళ్ళుగా నేనూ అదే అడుక్కుంటున్నాను. నువ్వు పెద్దవాడివి కదా, ముందు నువ్వు చెప్తావనుకుందేమో."

రూబెన్‌కి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలీలేదు. తాడు మళ్ళీ భుజాన వేసుకున్నాడు.

మర్నాడు పొద్దున అద్దం తుడిస్తే కట్టెల దిబ్బకీ బండికీ మధ్య ఏమీ లేదు. నాలుగు డెక్కలూ దిగబడ్డ చోట నాలుగు గుంటలు, వాటిలో వానపాములు తిరుగుతున్నాయి. రూబెన్ కోటు లేకుండానే బయటికొచ్చి షెడ్డు వెనక చూశాడు, రోడ్డు దాకా నడిచి చూశాడు. లోపలికొచ్చి కాఫీ పోసుకుని తాగడం మర్చిపోయాడు. పది గంటలకి టపా బండి ఆగింది.

"నీవాడు ఎల్మర్ వాళ్ళ వాకిట్లో ఉన్నాడు" అంది డార్లా. "బట్టలారేసే తీగ కింద. ఐలీ దుప్పట్లు ఆరేసుకోడానికి చోటు లేదంటోంది." ఉత్తరాలు ఇచ్చి వెళ్ళిపోయింది.

రూబెన్ వెళ్ళాడు. జింకని చూడ్డానికే వెళ్ళాడు. ఎల్మర్ గడప మెట్ల మీద కూర్చుని దానికేసి చూస్తున్నాడు. జింక రూబెన్‌ని చూసి ఒక చెవి తిప్పింది, కదల్లేదు.

"మేస్తుందా?" అన్నాడు ఎల్మర్.

"మెయ్యదు."

"నీళ్ళు?"

"తాగదు. కొమ్ములకి సాలెగూళ్ళు పడతాయి. దులిపితే ఊరుకుంటుంది."

"ఎంతకాలం ఉంటాడంటావు?"

"నా దగ్గరైతే మనిద్దరం నోరు మూసుకున్నన్నాళ్ళూ. నీ సంగతి నాకు తెలీదు, నువ్వు చెప్పేశావుగా."

"నిన్నే చెప్పాను. ఆ మాట ఇంకా పచ్చిగానే ఉంది" అన్నాడు ఎల్మర్.

ఆ చలికాలం రూబెన్ రోజూ పది గంటలకి వెళ్ళాడు. మంచు నడుం లోతు పడ్డ రోజున కూడా పార వేసుకుని బయల్దేరాడు. తన జింకని చూసుకోడానికి వెళ్తున్నాడని ఊరంతా అనుకుంది. ఎల్మర్ కూడా అలాగే అనేవాడు. "నీవాడు బానే ఉన్నాడు, చూసుకో" అని తలుపు తీసేవాడు. రూబెన్ వాకిట్లో రెండు నిమిషాలు నిలబడి, తర్వాత లోపల రెండు గంటలు కూర్చునేవాడు. ఎల్మర్ కుడి చేతికి డాక్టరు చెప్పిన వ్యాయామం, రబ్బరు బంతి నొక్కడం, రూబెన్ లెక్కపెట్టేవాడు. ఇరవై దాటగానే ఎల్మర్ బంతి విసిరేసేవాడు. రూబెన్ వంగి తెచ్చిచ్చేవాడు. ఐలీ ఒకటి రెండుసార్లు, "నువ్వు ఇక్కడే భోంచేసి వెళ్ళరాదూ" అంది. జింక కోసం వచ్చినవాణ్ణి కదా అన్నట్టు, అతను వద్దనేసి వెళ్ళిపోయేవాడు. సాయంత్రం ఇంట్లో దీపం వేసేముందు ఖాళీ వాకిలి వైపు చూడకుండా ఉండటం అతనికి అలవాటైంది.

ఏప్రిల్ రెండో వారంలో చూరుల నుంచి నీళ్ళు కారుతున్న ఒక పొద్దున ఐలీ ఫోను చేసింది.

"వెళ్ళిపోయాడు రూబెన్. తెల్లారి లేచి చూస్తే లేడు. చిత్తడి వైపు అడుగులున్నాయి. బాణం మొదలు తీగ కింద పడిపోయి ఉంది."

"సరే" అన్నాడు.

ఫోను పెట్టేసి కుర్చీలో కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ ఎదురుచూసింది అదే కాబట్టి సంతోషించాలి. గడియారం తొమ్మిది కొట్టింది. షెడ్డులోకి వెళ్ళి, చెయ్యడానికి ఏమీ లేక గోడ మీది ఎముకలు ఒక్కొక్కటే తీసి గంపలో వేశాడు. పది కావస్తుండగా చెయ్యి కోటు మీదికి పోయింది. తొడుక్కున్నాక, వెళ్ళడానికి పని లేదని గుర్తొచ్చింది. విప్పి మేకుకి తగిలించాడు. మళ్ళీ తీశాడు.

నాలుగు మైళ్ళూ బురదే. ఎల్మర్ గడప మెట్ల మీద ఎండలో కూర్చుని ఉన్నాడు. తీగ మీద తెల్లటి దుప్పట్లు ఆరుతున్నాయి.

"ఐలీ ఫోను చెయ్యలేదా?"

"చేసింది."

"మరి?"

రూబెన్ బండి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. చెప్పడానికి వాతావరణం ఉంది, రోడ్డు మీద బురద ఉంది, ఎన్నో ఉన్నాయి. అవేవీ నోటికి రాలేదు.

"ఊరికే వచ్చాను" అన్నాడు.

ఎల్మర్ అన్న ముఖంలోకి ఒకసారి చూశాడు. తర్వాత కుడి చెయ్యి మెట్టు మీద ఆనించి, దాని మీదే బరువు వేసి, కొంచెం పక్కకి జరిగాడు.